ఆనప బుర్రలో పెన్ డ్రైవ్

నవంబర్ 11, మంగళవారం

నలభై ఒక్క శాతం దగ్గర ఆగిపోయింది. మూడోసారి.

నీలం తెర. ఏదో ఫైలు పాడైందట, విండోస్ ఎక్కించడం కుదరదట. కింద ఒక అంకెల తోక. రాసుకున్నాను. రాసుకుని ఎవరికి చూపించను?

వేళ్ళు చల్లబడిపోయాయి. ఇది కొండ చలి కాదు, నాకు తెలుసు.

నెల రోజులుగా కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని నిన్న విండోస్ మళ్ళీ ఎక్కించబోయాను; అప్పట్నుంచి ఒకటే ప్రశ్న. డిస్కు భాగాలు చూపించే ఆ పేజీలో నేను ఏం నొక్కాను? ఫోన్‌లో చూసిన వీడియోలో ఆ మనిషి అన్నీ డిలీట్ చెయ్యమన్నాడు. చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు గీతలు పోయి ఒక్క గీత మిగిలింది. ఇల్లు ఊడ్చినట్టు హాయిగా కూడా అనిపించింది, సిగ్గులేని హాయి.

ఆ నాలుగింటిలో ఒకటి డి డ్రైవ్.

డి డ్రైవ్‌లో ఉన్నది మా ఊరి పోడు.

అదే రోజు, మధ్యాహ్నం

నాలుగోసారి. ఈసారి ముప్పై ఆరు.

భయం తగ్గుతుందేమోనని వరసగా రాస్తున్నాను. ముప్పై ఒక్క ఇళ్ళు. ఒక్కో ఇంటి పోడు చుట్టూ నడిచి, హద్దు రాయి దగ్గరల్లా ఆగి తీసిన ఫోటోలు, వీడియోలు, జీపీఎస్ దారి గీతలు. ఫోన్‌లో చోటు చాలక అక్కడివి ఎప్పుడో తుడిచేశాను. నిరుడు కార్తీకం నుంచి మాఘం దాకా నడిచాం. బొంజన్న మావ ముందు, ఫోన్ పట్టుకుని నేను వెనక. "ఇది మా తాత పాతింది కోడలా. ఇక్కణ్ణించి ఆ గెడ్డ నీళ్ళ దాకా." ఏ రాయి ఎవరిదో అన్నీ తెలిసిన మనిషి ఆయనొక్కడే. శ్రావణంలో జ్వరమొచ్చి పోయాడు.

ఇరవై ఐదున పాడేరులో పట్టాల మీటింగు. హద్దులు చూపించిన ఇంటికే పట్టా. మా ఊరి కాగితాలు ఇప్పటికే రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చాయి.

ప్రింట్లు తీసి పెట్టుకోవాల్సింది. టోనర్ అయిపోయింది, తర్వాత చూద్దాం అన్నది ఎవరు? నేనే. ఈ సంఘం ఆఫీసులో కంప్యూటర్ తెలిసినది నేనొక్కదాన్నే కదా, తప్పు చెయ్యడానికి కూడా వేరే మనిషి లేదు.

నవంబర్ 12, బుధవారం

సిగ్నల్ వచ్చే మలుపు దాకా నడిచి వెళ్ళి నూకరాజు గారికి ఫోన్ చేశాను. పాడేరులో రిపేరు షాపు ఆయనది, మా కంప్యూటర్ బిగించింది కూడా ఆయనే. నర్సీపట్నం మనిషి. ఊళ్ళో సగం మందికి ఆయన అల్లుడి పేరు కూడా తెలుసు.

"ఎన్నిసార్లు ఎక్కించేవమ్మా?"

"నాలుగండీ."

అవతల స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఇంక ఆ డిస్కు ముట్టుకోకు తల్లీ. ఎక్కించినప్పుడల్లా పాతదాని మీద కొత్తది రాసీత్తాది. దాన్లో ఏటైనా కావాల్సింది ఉందేటి?"

"అంత పెద్దవేం లేవండీ" అన్నాను.

ఎందుకన్నాను? డాక్టరు దగ్గరికి వెళ్ళి నొప్పి లేదని చెప్పి వచ్చినట్టుంది.

ఆ డిస్కు ఊడదీసి దాచమన్నారు. బీరువాలో పాత కంప్యూటర్ డిస్కు ఉంటే అది పెట్టి ఎక్కించి చూడమన్నారు. "తప్పు డిస్కుదో, మరోదాందో తేలుద్ది. సోమారం నానొత్తాను."

నవంబర్ 13, గురువారం

పక్క రేకు విప్పాను. డిస్కు తీసి నా తువ్వాల్లో చుట్టి బీరువాలో, రిజిస్టర్ల వెనక పెట్టాను. చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

పాత డిస్కుతో — పద్దెనిమిది శాతం. నీలం తెర.

అంటే తప్పు డిస్కుది కాదు. అంటే... నేను తుడిచేసిన డిస్కు బాగానే ఉంది. బాగున్నదాన్ని తుడిచాను.

విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్‌ని వెనక రంధ్రానికి మార్చాను. అరవై మూడు దాకా వచ్చింది! అరవై మూడు దాకా నేను ఊపిరి తీసుకోలేదు. నీలం తెర.

రాంబాబన్న వచ్చాడు, మా సంఘం ప్రెసిడెంటు. తలుపులోంచే — "ఏటి దేవీ, కంప్యూటర్ పెట్టి విప్పీసేవు?"

"దుమ్మన్నా. దుమ్ము దులుపుతున్నాను."

"బేగి దులిపీ. ఇరవై ఐదు దగ్గరికొచ్చీసింది."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

నవంబర్ 14, శుక్రవారం

అమ్మతో కాఫీ పళ్ళు ఏరడానికి వెళ్ళాను. నా బుట్టలో సగం పచ్చి కాయలే. అమ్మ తిట్టింది. తిడుతుంటే బాగుంది, అసలు తప్పుకి కాదు కాబట్టి.

నవంబర్ 15, శనివారం

చెప్పేశాను.

రాంబాబన్నకి, ఆఫీసు అరుగు మీద. డి డ్రైవ్ పోయింది, నేనే పోగొట్టాను, అందులోనే పోడు మొత్తం ఉంది అని. ఏడవకుండా చెబుదామనుకున్నాను, కుదరలేదు.

అన్న ముఖం ఒక్క క్షణం బూడిదలా అయిపోయింది. తర్వాత... నవ్వాడు. తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

"ఓసి గుంటా! సంపీసేవు గదే! మావ బుర్రలో ఉండీసింది కదా ఇంకో కాపీ? నువ్వే ఇచ్చేవు కాదేటి?"



మర్చిపోయానా? లేదు. మర్చిపోలేదు. ఈ అయిదు రోజులూ దాన్ని రాయకుండా రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

మాఘంలో, నడక అయిపోయిన వారం. బొంజన్న మావ ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చోకుండా గడపలోనే కూర్చున్నాడు. కంప్యూటర్ వైపు గెడ్డం ఎగరేసి — "ఈ పెట్టి సస్తే?"

"చావదు మావా."

"మనిసే సత్తాడు, పెట్టి సావదేటి? విత్తనం ఒక్క బుర్రలో దాయకూడదు కోడలా. నా బుర్రకీ ఒకటి ఇయ్యి."

ప్రతి ఇంట్లో ఉన్నట్టే వాళ్ళింట్లోనూ పొయ్యి మీద దూలానికి ఎండిన ఆనప బుర్ర వేలాడుతుంది. విత్తనం అందులో. పొగకి పురుగు పట్టదు. నా ఫైళ్ళకీ అందులో చోటిస్తానన్నాడు. నవ్వొచ్చింది. సరే, ముసలాయన ముచ్చట అని కొత్త పెన్ డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టాను.

ఇంకా ముప్పావు గంట అని చూపిస్తోంది. బయట ఆఖరి జీపు హారన్ కొడుతోంది. ఆ రోజు నేను పాడేరు వెళ్ళాలి. ఎందుకు వెళ్ళాలో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

పీకేశాను.

"ఇదిగో మావా, మొత్తం ఇందులో ఉంది" అని చేతిలో పెట్టాను. రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

వచ్చే వారం అడిగి తీసుకుని పూర్తిగా నింపి ఇద్దామనుకున్నాను. తర్వాత నాట్లు, తర్వాత వానలు, తర్వాత మావే లేడు.

తెర మీద ఆకుపచ్చ గీత గుర్తుంది. ఎంత పొడుగు గీత? అది గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకుంటే ఒకసారి సగం దాకా కనిపిస్తుంది, ఒకసారి గోరంత కనిపిస్తుంది.

నవంబర్ 16, ఆదివారం

రాంబాబన్న నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా తెలిసిపోయింది — పెట్టి చచ్చింది, కానీ మావ బుర్రలో విత్తనం ఉంది. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. బావి దగ్గర నవ్వుతున్నారు. "మా బొంజన్న ముందే సెప్పేడు" అంటున్నారు.

వాళ్ళు భయపడి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

చిలకమ్మత్త, మావ భార్య, మాత్రం బుర్ర దించనంటోంది. "సైత్రంలో విత్తనాల పండక్కే దించుతాం. మజ్జిలో దించితే విత్తనానికి అలకొత్తాది. ఆయన ఉన్నా ఒప్పుకోడు."

విని నాకు కొండ దిగినట్టయింది. దించకపోతే తెలియదు. తెలియకపోతే నేను మంచిదాన్నే.

ఇలా అనుకున్నాను. రాసుకుంటున్నాను, తర్వాత కాదనకుండా.

నవంబర్ 17, సోమవారం

నూకరాజు గారు వచ్చారు. కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, టార్చి పెట్టి లోపలికి చూశారు. కరెంటు చూశారు, తీగలన్నీ పీకి పెట్టారు. తను తెచ్చిన పెన్ డ్రైవ్‌తో ఎక్కించారు — ఇరవై తొమ్మిది. నీలం తెర. నా మనసులో ఒక మూల సంతోషం, ఆయనకీ రాలేదని.

"ఒకసారి నలభై, ఒకసారి పద్దెనిమిది. ఒక్క సోట ఆగట్లేదంటే మెమరీయే" అని లోపల నిలువుగా ఉన్న రెండు పట్టీల్లో ఒకదాన్ని ఊడదీశారు. వెలుగులోకి పట్టుకుని గోటితో గీశారు.

"ఇదేటమ్మా... పసుపా?"

దసరాకి అన్ని పనిముట్లకీ పూజ చేశాం. కొడవళ్ళకి, త్రాసుకి, పసుపు ఉడకబెట్టే బానకి. ఆ రోజే దుమ్ము దులుపుదామని కంప్యూటర్ విప్పి ఉంచాను. పైన రేకుకి బొట్టు పెడితే ఏముంది, అసలు జ్ఞాపకమంతా దీన్లోనే కదా అని — ఆ పట్టీకి తడి పసుపు, మీద కుంకం. నేనే. ఆ తడి కిందికి జారి, పట్టీ అంచున బంగారు రంగు పళ్ళ మీద ఎండి, నల్లగా మాడింది.

నూకరాజు గారు చాలాసేపు నవ్వారు. "బొట్టు నుదుట పెడతారు గానీ తల్లీ, మెదడుకి పెడతారేటి?"

ఒక్క పట్టీతోనే ఎక్కించారు. నలభై ఒకటి దాటింది. అరవై మూడు దాటింది. తొంభై. వంద. కొత్త తెర, ఖాళీగా, శుభ్రంగా. రెండో పట్టీ పళ్ళని పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది తళతళలాడించి కాగితంలో చుట్టి ఇచ్చారు.

"అయిపోనాది. మరి ఏల అలాగున్నావు?"

అప్పుడు చెప్పాను. డిస్కులో ఏముందో, ఫోన్‌లో ఎందుకు అబద్ధమాడానో. బుర్ర సంగతి తప్ప అన్నీ.

ఆయన నవ్వడం ఆపేశారు. తువ్వాల్లో చుట్టిన డిస్కుని బ్యాగులో పెట్టుకున్నారు. "పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్ ఉంది. నాలుగుసార్లు ఎక్కించీసేవు... సూద్దాం."

నవంబర్ 19, బుధవారం

మలుపు దగ్గర ఫోన్. కొన్ని పేర్లు కనిపిస్తున్నాయట, తెరిస్తే బూడిద రంగు గళ్ళే వస్తున్నాయట. ఇంకా లోతుగా వెతకాలట, రోజులు పడుతుందట. "ఆశ పెట్టుకోకు. అలాగని ఒగ్గీకు. ఏది దొరికితే అది మంగళారం పొద్దున్న మీటింగు గేటు కాడికి నానే తెత్తాను."

నవంబర్ 20, గురువారం

రాంబాబన్న అత్తని ఒప్పించాడు. ఇరవై నాలుగున, సోమవారం, గుడ్డు కొట్టి, స్నానం చేసి బుర్ర దించుతుందట.

నాలుగు రోజులు.

నవంబర్ 21, శుక్రవారం

పొగకి పాడైపోయింది అని చెప్పొచ్చు.

పది నెలలు పొయ్యి మీద వేలాడింది, వేడికి చచ్చిపోయింది అంటే ఎవరు కాదంటారు? కంప్యూటర్ తెలిసినది నేనొక్కదాన్నే. తప్పు మావ మీదికి పోతుంది. మావ లేడు.

ఈ నాలుగు ముక్కలూ రాసింది నేనేనా?

నవంబర్ 22, శనివారం

కలం పట్టుకోబుద్ధి కాలేదు.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున్నే చిలకమ్మత్త ఇంటికి వెళ్ళాను. అత్త వాకిట్లో రాజ్మా కాయలు కొడుతోంది. పక్కన కూర్చుని నేనూ ఒక కర్ర అందుకున్నాను. బుర్ర వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది.

"అత్తా. ఆ పెన్ డ్రైవ్‌లో మొత్తం లేదు."

కర్ర ఆపలేదు.

"జీపు వెళ్ళిపోతుందని మధ్యలో పీకేశాను. మొత్తం ఉందని మావకి అబద్ధం చెప్పాను. అందులో ఎంత ఉందో నాకే తెలియదు. అసలు ఉందో లేదో కూడా..."

"తెల్సు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ దినమే సెప్పేడు. కూకొని సూత్తన్నాడు కదా ఆ పచ్చ గీతని. గుంట బేగి పీకీసింది, పూర్తిగా నిండలేదు అన్నాడు. మరి అడగవేటి అన్నాను. అడిగితే సిగ్గుపడతాది, దానికే బుద్ధొచ్చి తెత్తాది అన్నాడు. ఎంత రాల్తే అంతే విత్తనం అని గుడ్డలో కట్టీసేడు."

నేను ఏడుస్తున్నాను. అత్త నా వీపు నిమరలేదు, కాయలు కొడుతూనే ఉంది.

"నాకు కోపమే నీమీద. ఆయన ఎదురు సూసేడు. వానలు దిగీదాకా సూసేడు. ఒక్కపాలి రాలేదు నువ్వు."

"గీత ఎంత దాకా వచ్చిందో చెప్పాడా అత్తా?"

"గీతలు నాకేటి తెల్సు?"

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి — "ఊరికి నానేటీ సెప్పను. నువ్వే సెప్పుకో."

చెప్పాలి. ఇవాళ అనుకున్నాను. రాంబాబన్న ఇంటి దాకా వెళ్ళాను. అన్న పట్టా కాగితం పెట్టుకోవడానికని కొత్త ప్లాస్టిక్ కవరు కొనుక్కొచ్చి, అది అందరికీ చూపిస్తున్నాడు. వెనక్కి వచ్చేశాను.

నవంబర్ 24, సోమవారం

బుర్ర దించారు.

అత్త తడి జుట్టుతో మూత తీసి చాటలోకి వంచింది. సామలు, చోళ్ళు, వాటి మధ్య గుడ్డ ముడి. ముడి విప్పకుండానే నా చేతిలో పెట్టింది. పొగ వాసన. నా కళ్ళలోకి చూసింది, చూపు నేనే తిప్పుకున్నాను.

ఇప్పుడు ఆఫీసులో ఉన్నాను. తలుపు దగ్గరగా వేశాను, జనం ఉంటే తెరుచుకోదు అని ఇంకో అబద్ధం చెప్పి. అరుగు మీద పాతిక మంది. టీ తాగుతున్న చప్పుడు.

పెట్టాను. ఏమీ రాలేదు.

తీశాను. నూకరాజు గారు చేసినట్టే రబ్బరుతో పళ్ళు రుద్దాను. నల్లటి మసి. మళ్ళీ పెట్టాను.

టింగుమంది.

పేర్లు. ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరాల వరసలో కాపీ అయ్యాయి కాబట్టి వరసలోనే ఉన్నాయి. గెమ్మెలి అయిదు ఇళ్ళు. కిల్లో ఎనిమిది. కొర్రా ఆరు — కొర్రా బొంజన్న ఉన్నాడు. పాంగి... రెండు.

అంతే. కింద తెల్లగా ఉంది. మౌసు తిప్పుతూనే ఉన్నాను, తెల్లగానే ఉంది.

ఇరవై ఒకటి. పది ఇళ్ళు లేవు. వంతల వాళ్ళవి నాలుగూ లేవు, అంటే మా ఇల్లు లేదు. పాంగి వాళ్ళవి ఆరు లేవు. పాంగి రాంబాబు లేడు.

తెరుచుకుంటాయో లేదో చూద్దామని బొంజన్న మావ వీడియో నొక్కాను. స్పీకరు పెద్దగా పెట్టి ఉందని తెలియదు.

"తీత్తన్నావా కోడలా? తియ్యి. ఇది మా తాత పాతిన రాయి..."

బయట గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయింది. మావ గొంతు ఒక్కటే, వెనక ఏదో పిట్ట, నా దగ్గు. తర్వాత ఒక్కసారి అరుపులు, చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. ఒక్క అత్త గొంతు మాత్రం వినపడలేదు.

అందరివీ ఉన్నాయనుకుంటున్నారు.

ఇరవై ఒక్క పేర్లూ కాగితం మీద రాశాను. రేపు గేటు దగ్గర నూకరాజు గారి చేతిలో ఏముంటుందో నాకు తెలియదు. ఆ పది పేర్లూ ఉండొచ్చు, బూడిద రంగు గళ్ళు ఉండొచ్చు. ఆ మాట ఇప్పుడు చెబితే సాకులా వినిపిస్తుంది. ముందు పేర్లు చదవాలి. తర్వాత ఎందుకు లేవో చెప్పాలి.

తలుపు తోసి రాంబాబన్న తల లోపలికి పెట్టాడు. చంకలో ఆ ప్లాస్టిక్ కవరు. ముఖమంతా నవ్వు.

"సదువు దేవీ. ముందు నాదే సదువు."